గాలి చూసుకుని బయల్దేరదాం

అక్టోబరు వచ్చిందంటే మన తెలుగు సంఘం పనులన్నీ హాళ్లలోకి చేరిపోతాయి. బతుకమ్మ, దసరా, దీపావళి, మధ్యలో పిల్లల పోటీలు. వేసవి ఆదివారాల్లో సైకిళ్లేసుకుని వచ్చిన కుటుంబాలు మళ్లీ ఏప్రిల్ దాకా కనిపించవు. ఆఫీసుకీ స్కూలుకీ మాత్రం అందరం సైకిల్ మీదే వెళ్తాం; నెదర్లాండ్స్‌లో ఉంటూ అది తప్పించుకోవడం కష్టం. సరదాగా తిరగడమే బంద్. ఎందుకని అడిగితే చలి అనరు, వాన అని కూడా అనరు. "ఆ గాలికి ఎవరు తొక్కుతారండీ బాబూ" అంటారు.

నన్నడిగితే తప్పు గాలిది కాదు, మనం వేసుకునే రూటుది.

మనం ఊరు చూసుకుంటాం, కిలోమీటర్లు చూసుకుంటాం, మధ్యలో కాఫీ ఎక్కడో చూసుకుంటాం. గాలి ఎటునుంచో చూడం. గాలి వెనకనుంచి తోస్తుంటే అది గాలి అని కూడా తెలియదు, ఈరోజు ఒంట్లో ఓపిక బాగుంది అనుకుంటాం. తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది అసలు సంగతి. అప్పటికి పిల్లలు అలిసిపోయి ఉంటారు, పొద్దు వాలుతుంటుంది, ఇంట్లో వాళ్లతో మాటామాటా పెరుగుతుంది.

పోతూ పడ్డ కష్టం వస్తూ తీరిపోతుందిలే అనుకోవడం కూడా పొరపాటు లెక్క. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది; అంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. గాలి లేని రోజు గంటకి 15 కిలోమీటర్లు తొక్కేవాళ్లు, 25 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే వేగం నిలబెట్టాలంటే ఒంటికి తగిలే గాలి 40 అవుతుంది, ఒత్తిడి ఏడు రెట్లు అవుతుంది. అంత ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి వేగం పడిపోతుంది, ఎదురుగాలిలో గడిపే సమయం పెరుగుతుంది. చేయాల్సిందల్లా కష్టమైన సగాన్ని ముందు పెట్టుకోవడం. ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. అంటే పొద్దున్నే నైరుతి వైపు బయల్దేరితే మధ్యాహ్నం అదే ఇంటికి తోసుకొస్తుంది. డచ్చివాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మనకి ఎవరూ చెప్పలేదు.

హార్లెమ్మర్‌మేర్‌లో ఉండేవాళ్లకి నా మాట ఇంకా బాగా అర్థమవుతుంది. అది 1852లో నీళ్లు తోడేసి తేల్చిన సరస్సు అడుగు. పొలాల మధ్య నిలబడితే గాలికి అడ్డంగా ఉన్నది మనమే. దాని చుట్టూ ఉన్న రింగ్‌ఫార్ట్ కాలువ గట్టున సుమారు 60 కిలోమీటర్లు తొక్కొచ్చు. గుండ్రటి దారి కాబట్టి ఎటు బయల్దేరినా ఎదురుగాలి ముక్క ఒకటి తప్పదు. దాన్ని మొదటి గంటలో పెట్టుకుంటారా చివరి గంటలో పెట్టుకుంటారా అన్నదే మన చేతిలో ఉంది. అంత వద్దనుకుంటే ఆమ్‌స్టర్‌డామ్‌సే బోస్ అడవి ఉంది. ఆమ్‌స్టెల్‌ఫేన్‌లో ఉండే మనవాళ్లకి పక్కనే. చెట్ల మధ్య గాలి జోరు సగం తగ్గుతుంది, పైగా ఆకులు రంగు మారేది ఇప్పుడే.

మనవాళ్ల భయానికి ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. కోస్తాలో పెరిగినవాళ్లకి అక్టోబరు, నవంబరు గాలి అంటే తుఫానే. 1977 నవంబరులో దివిసీమ, 2014 అక్టోబరులో హుద్‌హుద్. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఈ నెలల్లో ఆకాశం చూసే తీరే వేరు. ఆ భయం అక్కడ నూటికి నూరుపాళ్లు సబబు. ఇక్కడ గాలి జోరుని కొలిచే బోఫర్ట్ స్కేలు మీద నాలుగు, అయిదు అంకెల గాలికి అంత టెన్షన్ అక్కర్లేదు. వాతావరణ శాఖ ఆరెంజ్ కోడ్ హెచ్చరిక ఇచ్చిన రోజు ఎలాగూ ఇంట్లోనే ఉంటాం. ఆరోజు అడవి అసలు వద్దు, కొమ్మలు విరిగి పడతాయి.

డచ్చివాళ్ల సంగతి చెప్పాలంటే, వాళ్లకి ఎదురుగాలి సైక్లింగ్‌లో జాతీయ పోటీయే ఉంది. 2013లో మొదలైంది. జీలాండ్‌లోని ఓస్టర్‌స్కెల్డే తుఫాను అడ్డుకట్ట మీద ఎనిమిదిన్నర కిలోమీటర్లు, గేర్లు లేని మామూలు సైకిళ్లు. గాలి కనీసం బోఫర్ట్ ఏడుకి చేరితేనే జరుపుతారు, కాబట్టి తేదీ రెండు మూడు రోజుల ముందు గానీ తెలియదు. ఆ పిచ్చి మనకి అక్కర్లేదు గానీ, గాలిని చూసి నవ్వే ఆ గుణం కొంచెం అబ్బితే బాగుండు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ఎదురుగాలితో కాదు, పక్కగాలితో. ఎదురుగాలి అలిసిపోయేలా చేస్తుంది, పక్కగాలి పడేస్తుంది. రెండు భవనాల మధ్య సందు దాటేటప్పుడు, వంతెన ఎక్కేటప్పుడు ఒక్కసారిగా తోస్తుంది. ముందు సీట్లో పిల్లని కూర్చోబెట్టుకున్నవాళ్లూ, చున్నీ వేసుకున్నవాళ్లూ చూసుకోవాలి. ఇటుకల దారి మీద తడి ఆకులుంటే మలుపులో బ్రేకు వేయకండి. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి మారాక సాయంత్రం అయిదుంబావుకే సూర్యుడు దిగిపోతాడు, లైట్లు తప్పనిసరి.

సంఘానికి నా సూచన ఒకటే. ఈ శరదృతువులో ఒక్క షికారైనా పెట్టండి, రూటు మాత్రం ముందే ప్రకటించకండి. గురువారం గాలి అంచనా చూసి చెప్పండి. నైరుతి గాలైతే సైకిళ్లతో ట్రైన్లో లైడెన్ వెళ్దాం, అక్కడినుంచి హార్లెమ్ దాకా సుమారు 30 కిలోమీటర్లు, దారి పొడవునా గాలి వెనకే. ఎదురుగాలికి ఇంకా అలవాటు పడనివాళ్లూ, పెద్దవాళ్లూ హాయిగా రావచ్చు. వారాంతాల్లో సైకిల్‌కి టికెట్ తీసుకుంటే ట్రైన్లో ఏ సమయంలోనైనా ఎక్కించనిస్తారు. కాకపోతే ఒక్కో బండిలో సైకిళ్లకి చోటు తక్కువ, అందరం ఒకే ట్రైన్ ఎక్కుతామంటే కుదరదు. మూడు నాలుగు జట్లుగా విడిపోవాలి. పులిహోర డబ్బాలు మాత్రం మొదటి జట్టుకి ఇవ్వకండి.