మహారాజశ్రీ ఎడారి రిసార్టు బ్రోచర్‌గారికి

మహారాజశ్రీ రాజస్థాన్ జైసల్మేర్ రిసార్టు బ్రోచర్‌గారి దివ్యసముఖానికి, బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ 38 పేజీలూ క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి.

మీరు మా ఇంట్లో దిగి ఇవ్వాళ్టికి 19 రోజులు. ఆ ఆదివారం పొద్దున నేను ఇడ్లీ తింటూ ఉంటే మా అమ్మాయి తన పెళ్ళికని మిమ్మల్ని ఫ్యామిలీ గ్రూపులో పడేసి "నాన్నా, ఊరికే చూడు" అంది. మా ఇంట్లో ఆ మాటకి అర్థం వేరు. కారూ, ఫ్లాటూ కూడా ఇలాగే ఊరికే చూశాం. రెండిటికీ ఇంకా ఈఎంఐ కడుతున్నాను.

మీ మొదటి పేజీలో సాయంత్రపు ఎండలో మెరుస్తున్న పసుపు రాతి మంటపం ఉంది చూశారా, ఆ రాయిని నేను వెంటనే గుర్తుపట్టాను. మా అపార్ట్‌మెంట్ మెట్లకి పరిచిందదే. బిల్లులో 'జైసల్మేర్ ఎల్లో' అని రాసి ఉంది. దానిమీద 11 ఏళ్ళుగా చెప్పులేసుకుని ఎక్కి దిగుతున్నాను. పక్కన ఒంటెను నిలబెడితే అదే రాయి ఇంత పలుకుతుందని తెలీదు.

తర్వాత మనుషుల్ని చూశాను. 38 పేజీల్లోనూ నలభై దాటిన మనిషి ఒక్కడే, ఒంటె తాడు పట్టుకున్నాయన. బీపీ మాత్ర పడితే గానీ టిఫిన్ ముట్టనివాళ్ళు, "ఆ కుర్చీ ఇటు లాగు నాయనా" అనేవాళ్ళు మీ లోకంలో లేనే లేరు. మీ దృష్టిలో పెళ్ళంటే ఒక అమ్మాయి చున్నీ గాలికి వదిలేసి ఇసుకలో పరిగెత్తడం. ఎవరు తరుముతున్నారో పాపం అంది మా ఆవిడ.

తప్పు మీదొక్కరిదే అనను. 2018 డిసెంబర్లో జోధ్‌పూర్ ఉమైద్ భవన్‌లో ప్రియాంకా చోప్రా పెళ్ళి, 2023 ఫిబ్రవరిలో మీ జైసల్మేర్‌లో కియారా అద్వానీ పెళ్ళి అయ్యాక, వైట్‌ఫీల్డ్‌లో కోడింగ్ చేసుకునే పిల్లలందరికీ ఎడారి పుట్టిల్లయిపోయింది. ఆ ఉమైద్ భవన్ ఉందే, అది కరువులో జనానికి కూలి దొరకాలని 1929లో మొదలుపెట్టి 1943 దాకా కట్టిన ప్యాలెస్. 347 గదులు. ఇప్పుడు అక్కడ పెళ్ళి చేస్తే ఆడపిల్ల తండ్రే కరువు పనికి పోవాలి. అందుకే మీ దగ్గరికి దిగాం.

ఈతకొలను పేజీ గురించి ఒక్కమాట. 2024 మార్చిలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోతే, బకెట్లు పట్టుకుని ట్యాంకర్ దగ్గర నిలబడ్డవాళ్ళం మేము. మా కావేరి వంద కిలోమీటర్ల అవతల నుంచి పైపుల్లో వస్తుంది. మీ నీళ్ళు ఎక్కడో పంజాబ్‌లోని హరికే దగ్గర నుంచి కాలువలో వస్తాయి. ఇద్దరం అప్పు నీళ్ళు తాగేవాళ్ళమే. మీరు మాత్రం ఆ నీళ్ళలో పూలు చల్లి ఫొటో తీశారు.

ఇక ముహూర్తం. మీ 9వ పేజీలో డిసెంబర్ 20 నుంచి జనవరి 5 దాకా 'పీక్ సీజన్' అని ఎర్రక్షరాల్లో ఉంది. మాకు అది ధనుర్మాసం. తిరుప్పావై, వేడివేడి పొంగలి తప్ప పెళ్ళి మాట ఎత్తరు. మీరు సగం ధరకే ఇస్తామంటున్న మే నెలలో మాకు వైశాఖ ముహూర్తాలు దండిగా ఉంటాయి. కానీ జోధ్‌పూర్ నుంచి మీ ఊరికొచ్చే రైలుదారిలోనే కదండీ ఫలోడీ ఉంది? 2016 మేలో అక్కడ 51 డిగ్రీలు కాసింది. అలాంటి చోట హోమానికి వేరే అగ్ని ఎందుకు?

చివరికి మాఘమాసంలో ఒకటి కుదిరింది. ఫిబ్రవరి, రాత్రి 2 గంటల 47 నిమిషాలు. మంటపం ఊరికి 40 కిలోమీటర్ల అవతల సమ్ ఇసుక తిన్నెల మీద. నేను కళ్ళు మూసుకుని ఊహించుకున్నాను. ఎముకలు కొరికే చలి. ఆ చలిలో పల్చటి మధుపర్కాలు కట్టుకుని పిల్లా పిల్లాడూ పళ్ళు టకటకలాడిస్తుంటారు. నేను వణుకుతున్న చేతుల్తో అల్లుడి కాళ్ళు చన్నీళ్ళతో కడుగుతాను. దీపం వెలిగించినప్పుడల్లా గాలి ఆర్పేస్తుంది. తలంబ్రాలు పోసుకుంటే సగం బియ్యం, సగం ఇసుక.

సరిగ్గా జీలకర్రా బెల్లం పెట్టే క్షణంలో పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అంటాడు. మీ 27వ పేజీ ప్రకారం రాత్రి పది తర్వాత చప్పుడు చేయకూడదు. దేశమంతా ఉన్న రూలే, కాదనను. దానికి మీ మేనేజర్ చెప్పిన ఉపాయం 'సైలెంట్ డీజే'. అంటే సన్నాయీ డోలూ ముందే రికార్డు చేసి అందరికీ తలో హెడ్‌ఫోన్ ఇస్తారట. మా మేనత్త కొప్పు మీదుగా హెడ్‌ఫోన్ తగిలించుకుని, అక్షింతలు పట్టుకుని, చెవిలో గట్టిమేళం ఎప్పుడు మోగుతుందా అని ఇసుకలో నిలబడి ఉంటుంది. బ్యాటరీ అయిపోతే ఆవిడ లెక్కలో పెళ్ళి కానట్టే.

మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. మా బెంగళూరు చౌల్ట్రీల్లో పగలు పదకొండింటికి పురోహితుడు సీలింగ్ వైపు వేలు పెట్టి "అదిగో అరుంధతి" అంటే, పెళ్ళికూతురు ట్యూబ్‌లైటుకి దణ్ణం పెడుతుంది. మా పెళ్ళిలో మా ఆవిడకి నేను చూపించింది ఫ్యాను. మీ ఎడారిలో ఆ రాత్రివేళ సప్తర్షులు నిజంగానే నెత్తిమీద ఉంటారు, వశిష్ఠుడి పక్కన అరుంధతి మామూలు కళ్ళకే కనిపిస్తుంది. ఇది తలుచుకుని నా మనసు కరగబోయింది. ఇంతలో 22వ పేజీలో 'స్టార్‌గేజింగ్ విత్ టెలిస్కోప్, తలకి ఇంత, ట్యాక్స్ అదనం' అని కనిపించింది. ట్యాక్స్ సంగతి ఎలాగూ తప్పదు, గది అద్దె 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ. అరుంధతికి కూడా వేస్తారనుకోలేదు.

భోజనాల పేజీలో మా అమ్మాయి బాగా మోజుపడింది 'కేర్ సాంగ్రీ' మీద. అరుదైన ఎడారి వంటకమట. వెతికి చూస్తే సాంగ్రీ అంటే జమ్మికాయలు. దసరాకి మనం ప్రదక్షిణ చేసే జమ్మి చెట్టేనండీ. రాజస్థాన్‌కీ తెలంగాణకీ అదే రాష్ట్ర వృక్షం. ఊళ్ళో మేకలు తినే కాయల కోసం విమానమెక్కి వస్తున్నామని వియ్యంకుడుగారికి ఇంకా చెప్పలేదు. ఆయన గోంగూర ఉందా అని ఇప్పటికి రెండుసార్లు అడిగారు.

మా పురోహితుణ్ణి మీరు 'వెండర్' కాలమ్‌లో వేశారు. ఆయన దానికి కోప్పడలేదు. ఆయన బెంగ సంకల్పం గురించి. బెంగళూరులో అయితే 'శ్రీశైలస్య నైరుతి ప్రదేశే, కృష్ణా కావేర్యోః మధ్యదేశే' అని గడగడా చదివేస్తారు. జైసల్మేర్ అంటే వాయవ్యం, అది సరే. నదులేవి? మ్యాప్ ముందేసుకుని ఇద్దరం అరగంట వెతికాం. ఒకవైపు సింధు, అది పాకిస్తాన్‌లో ఉంది. ఇంకోవైపు లూనీ, పేరులోనే ఉప్పు. "పెళ్ళి సంకల్పంలో ఉప్పునది ఎందుకు లెండి" అని నసిగారు. తర్వాత ఆయనే, "గుడారాన్ని గృహం అనొచ్చా?" అన్నారు. రోజుకి మీరు వేసే అద్దె చెప్పాను. "అయితే వసతిగృహే అందాం" అన్నారు.

ఇక అసలు సంగతి. 31వ పేజీలో చిన్నక్షరాల్లో 'మాగ్జిమమ్ 120 పాక్స్' అని ఉంది. పాక్స్ అంటే ఏదో రోగం అనుకున్నాను. మనుషులట. మా మదనపల్లె వంటాయన "ఎన్ని ఆకులు స్వామీ?" అని అడుగుతాడు. ఆరొందలంటే ఏడొందలకి వండుతాడు. పిలవనివాళ్ళు కూడా వస్తారని అతనికి తెలుసు.

మగపెళ్ళివారికి 60 పోగా మాకు 60. మా లిస్టు 640. రాత్రి డైనింగ్ టేబుల్ మీద ఎక్సెల్ తెరుచుకుని కూర్చున్నాం. మొదట పాత ఆఫీసువాళ్ళు పోయారు. తర్వాత 'వాళ్ళు మనల్ని పిలిచారా?' అని ఒక రూలు పెట్టాం. దాంతో 90 మంది పోయారు. మొదట్లో ఒక్కో పేరు దగ్గర ఆగి నిట్టూర్చిన మా ఆవిడ, పదకొండింటికల్లా "ఊఁ, కొట్టెయ్" అనడం మొదలుపెట్టింది.

మీతో దాపరికం ఎందుకు, పన్నెండున్నరకి నాకు మహా హాయిగా అనిపించింది. మా గృహప్రవేశంలో సాంబారులో ఉప్పు లేదని పదిమందిలో అన్న చిన్నాన్నగారి అల్లుణ్ణి నా చేత్తో తీసేశాను. చౌల్ట్రీలో పెళ్ళయితే అతన్ని ఆపే ధైర్యం నాకు ఏ జన్మలోనూ రాదు. ఇప్పుడు ఫోన్ చేసి "ఏం చెయ్యను బావా, ఎడారి కదా, 120 మందికే చోటట" అంటే సరిపోయింది. పాపం మీ ఖాతాలోకి. థార్ ఎడారి రెండు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో మా బావకి చోటు లేదు.

మీ ప్రాంతంలోనే మాంగణియార్లు ఉన్నారు కదా. తరతరాలుగా తమ యజమానుల ఇళ్ళల్లో పుట్టుకకీ పెళ్ళికీ పాడేవాళ్ళు, వంశంలో తాతముత్తాతల పేర్లన్నీ నోటికొచ్చినవాళ్ళు. మీరు వాళ్ళని 'ఫోక్ యాక్ట్, 45 నిమిషాలు' అని వేశారు. వాళ్ళని మాత్రం మా లిస్టు దగ్గరికి రానీయకండి. తీసేసిన పేర్లు పాడితే నేను ఆ ఇసుకలోనే దిగబడిపోవాలి.

నిన్న రాత్రి మదనపల్లె నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. 81 ఏళ్ళు. "ఏమ్రా, పెండ్లి యాడనో ఇసకలో అంట కదా. ఆడ నీళ్ళు దొరకవంట. రెండు బిందెలు ఎత్తుకొచ్చేదా?" అంది. చలికని శాలువా కూడా కొనుక్కుందట. నువ్వు పిలవలేదేమిరా అని అడగలేదు. ఆ ఆలోచనే ఆవిడకి వచ్చినట్టు లేదు. షీట్‌లో ఆవిడది 74వ వరుస. "వద్దులే పెద్దమ్మా, నీళ్ళుంటాయి" అని పెట్టేశాను.

కాబట్టి తమరితో మనవి ఏమంటే, 33వ పేజీలో ఎక్స్‌ట్రా బెడ్ 12 ఏళ్ళలోపు పిల్లలకే అని ఉంది. 81 ఏళ్ళ పిల్లకి ఎంత తీసుకుంటారో శుక్రవారంలోగా తెలియజేయగలరు. మెట్లు లేని గది అయితే మేలు. వద్దన్నా బిందెలు తెస్తుంది, పెట్టుకోవడానికి కాస్త చోటు చూడండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఆడపిల్ల తండ్రి (60 పాక్స్ ఖరారు, ఒకటి అదనం)