పేరు దాచేస్తే వైఫై భద్రమా?

"రూటర్‌లో వైఫై పేరు దాచండి, మ్యాక్ ఫిల్టర్ (మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్య జాబితాలో ఉన్న పరికరాలనే రానివ్వడం) పెట్టండి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లను రూటరే పంచే ఏర్పాటు) ఆపేయండి. ఇక పాస్‌వర్డ్ చిన్నదైనా ఎవరూ చొరబడలేరు" అనే సలహా తెగ తిరుగుతోంది. ఆ మూడూ చేసుకుంటే చేసుకోండి. చివరి మాట మాత్రం శుద్ధ తప్పు.

పేరు దాచినా రూటర్ బీకన్లు (తానున్నానని పదేపదే పంపే సంకేతాలు) ఆగవు, వాటిలో పేరుండే చోటు ఖాళీ అవుతుందంతే. ఫోన్ కనెక్టయ్యేటప్పుడు పంపే అసోసియేషన్ రిక్వెస్ట్‌లో అదే పేరు ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది. చుట్టూ తిరిగే వైఫై సంకేతాలన్నీ వినే మానిటర్ మోడ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కి అది చాలు. అప్పటిదాకా ఆగలేనివాడు డీఆథ్ ఫ్రేమ్‌తో (కనెక్షన్ తెంచమనే నకిలీ సందేశంతో) ఫోన్‌ను ఒకసారి తెంపుతాడు, మళ్లీ కలిసేటప్పుడు పేరు బయటపడుతుంది. పైగా దాచిన నెట్‌వర్క్‌ను ఫోన్ పేరుపెట్టి పిలిచి వెతుక్కోవాలి. మీరు బయటికెళ్లినా ఆ పిలుపు ఆగదు. ఇంట్లో దాచిన పేరును దారిపొడవునా చాటడమే ఇది.

మ్యాక్ ఫిల్టర్ మరీ అన్యాయం. వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2 అయినా, దాని తర్వాతి డబ్ల్యూపీఏ3 అయినా దాచేది లోపలి డేటానే, సందేశం మొదట్లో ఉండే హెడర్‌లోని మ్యాక్ అడ్రస్ అందరికీ కనబడుతుంది. దాన్ని కాపీ కొట్టి తన వైఫై కార్డుకు పెట్టుకోవడం లినక్స్‌లో చిటికెలో పని. అవస్థ మీకే: ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కొత్త మ్యాక్ పుట్టించుకుంటాయి. అసలు అడ్రస్‌ను రూటర్‌లో ఎక్కిస్తే, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కనెక్ట్ కాదు. రూటర్ లాగ్‌లో కనబడే అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది ఫోన్ పుట్టించుకున్నదే అనుకోండి.

డీహెచ్‌సీపీ గురించి చెప్పేదేముంది? లోపలికొచ్చినవాడు ఐపీని చేత్తో పెట్టుకుంటాడు.

ఇక "చిన్న పాస్‌వర్డ్ చాలు". డబ్ల్యూపీఏ2లో ఫోన్, రూటర్ మధ్య జరిగే నాలుగు సందేశాల హ్యాండ్‌షేక్ (కనెక్టయ్యేటప్పటి పరస్పర తనిఖీ) చొరబడేవాడికి ఒక్కసారి దొరికితే, ఆపైన పాస్‌వర్డ్ ఊహలన్నీ వాడి కంప్యూటర్‌లోనే నడుస్తాయి. రూటర్‌కు ఒక్క ప్రయత్నమూ తెలియదు, కాబట్టి అడ్డుకోలేదు. ఎనిమిది అంకెల పుట్టినతేదీ గ్రాఫిక్స్ కార్డుకు క్షణాల్లో తేలిపోతుంది.

ఆ సలహాలో అసలు లేనిది డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయం. దాని పిన్ ఎనిమిది అంకెలే అయినా రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె చెక్‌సమ్ (మిగతా అంకెల నుంచి లెక్కగట్టేది). అందుకే 11,000 ప్రయత్నాలు దాటవు. అది ముందు ఆపండి.

సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 పెట్టండి, అందులో హ్యాండ్‌షేక్ పట్టుకుని ఊహించే దారి మూసుకుపోతుంది. పాత ప్రింటర్ మొరాయిస్తే దాన్ని వేరే పాస్‌వర్డున్న గెస్ట్ నెట్‌వర్క్‌లో డబ్ల్యూపీఏ2 మీద ఉంచండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన మోడ్ వాడక తప్పకపోతే, సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి 20 అక్షరాలకు తగ్గని పాస్‌వర్డ్ పెట్టండి.