హైదరాబాద్ బలాలు: అధికారిక జాబితాకు ఒక అనుబంధం

పెట్టుబడిదారుల సదస్సు ఎప్పుడు జరిగినా హైదరాబాద్ మహానగర ప్రాంతపు బలాలను వివరించే రంగురంగుల కరపత్రం ఒకటి తప్పక వెలువడుతుంది. దక్కన్ పీఠభూమి మీద ఉన్నందున భూకంప భయం తక్కువన్న మాట, 1998లో సైబర్ టవర్స్ తెరిచింది మొదలు సాఫ్ట్‌వేర్ రంగం విస్తరించిన తీరు, జీనోమ్ వ్యాలీలో తయారై దేశదేశాలకు వెళ్లే టీకాలు, నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, అన్నీ అందులో ఉంటాయి. అవన్నీ నిజాలే, వాటిని కాదనడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. అయితే ఈ ప్రాంతపు అసలు బలానికి ఆ కరపత్రంలో ఒక్క వాక్యమైనా దక్కకపోవడం విచారకరం. చేజేతులా పోగొట్టుకున్న ప్రతి సౌకర్యాన్నీ తిరిగి తన పౌరులకే లాభానికి అమ్మగలగడమే ఆ బలం.

ముందుగా నీటి సంగతి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగింది. దరిమిలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడం, దాహం తీర్చడం అనే రెండు పనులనూ అవే జలాశయాలతో చేయించి, వాటి ఒడ్డున ఒక్క వెంచర్ కూడా వేయకుండా వదిలేయడం ఆనాటి పాలకుల వ్యాపార జ్ఞానం ఏపాటిదో చెబుతుంది. నేటి పద్ధతి ఎంతో సమగ్రమైనది. శిఖం భూమిని, అంటే చెరువు అడుగు భూమిని, పూడ్చి ప్లాట్లు చేసి అమ్మినప్పుడు ఒక లాభం వస్తుంది. మిగిలిన గుంటను కిటికీలోంచి చూపించి, లేక్ వ్యూ పేరిట చదరపు అడుగు ధర పెంచినప్పుడు మరొకటి వస్తుంది. చెరువు లేక భూగర్భ జలం అడుగంటితే బోరు బండివాడు బతుకుతాడు, ఆ బోరూ ఎండితే ట్యాంకరువాడు బతుకుతాడు, వానాకాలంలో నీరు తన పాత చోటును వెతుక్కుంటూ సెల్లారులోకి దిగితే మోటారు అద్దెకిచ్చేవాడు బతుకుతాడు. ఇన్ని కుటుంబాలను పోషించడం నిండుగా ఉన్న చెరువు వల్ల అయ్యే పని కాదు.

ఈలోగా కృష్ణా, గోదావరి నదులు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, ఎత్తిపోతల కరెంటు ఖర్చుతో సహా నగరానికి చేరుకుంటున్నాయి. జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో కట్టడాలను నియంత్రిస్తూ 1996లో వచ్చిన జీఓ 111 ఎనభై నాలుగు గ్రామాలను అభివృద్ధికి దూరంగా ఉంచిందన్న ఆవేదన చాలాకాలం వినిపించింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేయడానికి పూనుకున్నప్పుడు, నగరం ఇప్పుడు ఆ నీటి మీద పెద్దగా ఆధారపడడం లేదన్న వాదనను ముందుకు తెచ్చింది. దూరం నుంచి నీళ్లు తెచ్చుకోగల స్తోమత వచ్చింది గనుక దగ్గరి నీళ్లను వదులుకోవచ్చునన్న ఈ తర్కం ఆర్థిక శాస్త్ర పాఠ్యపుస్తకాలకు ఎక్కదగినది.

దీనికి సామాజిక ప్రయోజనం కూడా లేకపోలేదు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు అనీ, దాని చుట్టూ కట్టడాలు నిషేధించిన బఫర్ జోన్ ముప్పై మీటర్లు ఏ చెరువుకు వర్తిస్తుందో, తొమ్మిది మీటర్లు దేనికి సరిపోతుందో ఇక్కడ పదో తరగతి తప్పినవాడు కూడా చెప్పగలడు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి బుల్డోజర్లు బయలుదేరాక ఈ వయోజన విద్య ఇంటింటికీ చేరింది. జీవితకాలపు పొదుపుతో ఇల్లు కొన్నవాడు ఆ ఇల్లు చెరువులో ఉందో గట్టు మీద ఉందో గృహప్రవేశం తరువాత తెలుసుకుంటున్నాడు. అంతకుముందే తెలిసి ఉండవలసిన వారు, అంటే అనుమతి ఇచ్చినవారు, రిజిస్ట్రేషన్ చేసినవారు, అప్పు మంజూరు చేసినవారు, ఇంటిపన్ను వసూలు చేసినవారు, ఈ విద్యకు అతీతులు.

క్రమబద్ధీకరణ అనే మహత్తర సంస్థ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇతర నగరాల్లో ముందు అనుమతి, తరువాత నిర్మాణం అనే మొరటు వరుస ఉంటుందని వింటాం. ఇక్కడ ముందు నిర్మాణం, తరువాత రుసుము, ఆ పైన అనుమతి. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకానికి వెయ్యి రూపాయల చొప్పున రుసుము కట్టి రాష్ట్రవ్యాప్తంగా ఇరవై అయిదు లక్షలకు పైగా దరఖాస్తులు దాఖలయ్యాయి. ఒక తప్పును అంతమంది ఒకేసారి చేసి, అంతమందీ క్యూ కట్టి, అంతమందీ డబ్బు చెల్లించి ఒప్పుకున్నారంటే, పౌర క్రమశిక్షణకు ఇంతకు మించిన తార్కాణం ఏముంటుంది? నియమం పాటించి ప్లాటు కొన్నవాడికి మాత్రం ఈ పథకంలో ఏ ప్రయోజనమూ లేదు. అతడు ఆ లోపాన్ని తనే దిద్దుకోవలసి ఉంటుంది.

భూమి చాలనప్పుడు ఆకాశం ఉండనే ఉంది. ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ మీద, అంటే స్థలానికి ఎన్ని రెట్ల అంతస్తుల విస్తీర్ణం కట్టవచ్చన్న లెక్క మీద, పరిమితిని 2006లోనే తొలగించిన ఘనత ఈ నగరానిది. కనుక రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం కుదిరితే భవనం ఎంత ఎత్తుకైనా వెళ్లవచ్చు. డ్రైనేజీ గొట్టం మాత్రం పాత కొలతల్లోనే ఉండి సంప్రదాయాన్ని కాపాడుతోంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ భూమిని వేలం వేసినప్పుడు ఎకరా ధర వంద కోట్ల రూపాయలు దాటింది. సామాన్యుడికి సొంతిల్లు అందుబాటులోకి తేవాలన్న దీక్షా, ఎకరా ధర అంతకంతకూ పెరగాలన్న ఆశా ఒకే ఖజానాలో, ఒకదానికొకటి తగలకుండా కాపురం చేయడం మన పాలనలోని సమరసతకు నిదర్శనం.

ఆ అంతస్తులను లేపేవారి మాట కరపత్రం ఎత్తదు. ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కార్మికులు టవర్ పక్కనే రేకుల షెడ్లలో ఉంటారు. క్లబ్ హౌస్, ఈత కొలను, పిల్లలు ఆడుకునే చోటు, అన్నిటికన్నా ముందుగా వాటిని చూసేది వారే, గేటు అమర్చిన మరునాటి నుంచి ఆ గేటు లోపలికి రానివ్వని వారిలో మొదటివారూ వారే. ధనిక పేదల మధ్య ఇంతటి సామీప్యాన్ని, మధ్యలో ఒక్క రేకు అడ్డుతో, ఏ సమాజం సాధించగలిగింది?

పాతబస్తీ విషయంలో మన సమతుల్యత మరీ ప్రశంసనీయం. 1591 నాటి చార్మినార్ బొమ్మ లేకుండా ఏ కరపత్రమూ అచ్చు కాదు, ఏ సదస్సు వేదికా అలంకరించబడదు. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాల్లో కలిపి సుమారు 69 కిలోమీటర్లు పరుగులు తీసింది. అయితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా వేయవలసిన అయిదున్నర కిలోమీటర్లు మాత్రం అందులో చేరలేదు. చార్మినార్ కరపత్రాల్లో కూర్చుని ప్రపంచమంతా తిరిగివస్తుంటే దానికి మళ్లీ మెట్రో ఎందుకనుకున్నారేమో.

ట్రాఫిక్ గురించి ఇంతకాలం అన్యాయంగా మాట్లాడాం. 2023 వర్షాకాలంలో ఐటీ ఉద్యోగులు అందరూ ఒకేసారి రోడ్డెక్కకుండా విడతలవారీగా ఇళ్లకు బయలుదేరాలని సైబరాబాద్ పోలీసులు సూచించారు. మేఘం పట్టినప్పుడు ఎవరు ఏ గంటకు ఇంటికి వెళ్లాలో పోలీసు శాఖ ప్రేమతో చెప్పే నగరం అరుదు. పైగా కారులో కూర్చుని ఫోనులోనే సమావేశం ముగించే ఉద్యోగి ఇటు కంపెనీకి, అటు పెట్రోలు బంకుకు ఏకకాలంలో సేవ చేస్తున్నాడు. ఆ సమయం లెక్క ఏ జాతీయ ఆదాయంలో కలుస్తుందో నిపుణులు తేల్చాలి.

ఇన్ని సౌకర్యాల నడుమ పౌరులు ఎంత తృప్తిగా ఉన్నారో తెలుసుకోవాలంటే పోలింగు కేంద్రానికి వెళ్లాలి, అక్కడ క్యూ ఉండదు. 2020 డిసెంబరు నాటి జీహెచ్ఎంసీ ఎన్నికల్లో సగం మంది ఓటర్లు కూడా ఓటు వేయలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లోనూ హైదరాబాద్ నియోజకవర్గం సగం మార్కు దాటలేదు. గుంతల మీద, నాలాల మీద, కరెంటు కోతల మీద రోజూ ఫోనులో వ్యాసాలు రాసే మహానుభావులు, ఓటు అనే చిన్న విషయంలో ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టకూడదని సెలవు దినాన్ని ఇంట్లోనే గడిపారు. ఎవరు గెలిచినా ఫర్వాలేదనుకునే ఈ ఔదార్యం పెట్టుబడిదారుడికి ఇచ్చే భరోసా అంతా ఇంతా కాదు.

ఇక ప్రణాళికల విషయానికి వస్తే, ప్రస్తుత మాస్టర్ ప్లాన్ 2031 దాకా ఉద్దేశించినది, ఆపైన 2050 కోసం మరొకటి సిద్ధమవుతోంది. దానికి ఈ వ్యాసకర్త సవినయంగా ఒక సూచన చేయదలిచాడు. ఏటా జనవరిలో సంక్రాంతికి విజయవాడ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరుతాయి, బస్టాండ్లూ రైల్వే స్టేషన్లూ కిక్కిరిసిపోతాయి, ఆ తరువాత మూడు నాలుగు రోజులపాటు నగరంలో రోడ్లు ఖాళీగా, గాలి తేలికగా, నీటి ట్యాంకర్లు తీరికగా ఉంటాయి. రూపాయి ఖర్చు లేకుండా, ఒక్క ఫ్లైఓవరూ కట్టకుండా సాధించిన ఈ ఫలితం దృష్ట్యా, సంక్రాంతి సెలవులను ఏడాదికి మూడు వందల అరవై రోజులకు పొడిగించి, కరపత్రం అచ్చు వేయడానికీ సదస్సు నిర్వహించడానికీ మిగిలిన అయిదు రోజులను కేటాయించే విషయాన్ని పరిశీలించవలసిందిగా మహానగరాభివృద్ధి సంస్థకు మనవి.