రాకెట్‌కు ఇంత తొందరెందుకు?

శ్రీహరికోట వాళ్లు సాధించింది తక్కువేం కాదు. 2017లో ఒకే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద 104 ఉపగ్రహాలు ఎక్కించి పంపారు. 2025 జనవరి 29న నూరో ప్రయోగం కూడా పూర్తి చేశారు. అంతా బాగుంది. కానీ ఇన్నేళ్లలో ఒక్క రాకెట్‌నైనా సామాన్యుడి ఫోన్‌లో నిండుగా, నిలకడగా పడేట్టు పంపారా? కడప జనం తరఫున ఈ మాట ఎవరో ఒకరు అడగాలి కాబట్టి నేను అడుగుతున్నా.

మా బాధ తెలియాలంటే మా దారి తెలియాలి. ఏడురోడ్ల దగ్గర టీ తాగి బయల్దేరితే రాజంపేట, కోడూరు, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి, శ్రీహరికోటకు పక్కనున్న సూళ్లూరుపేట చేరేసరికి రెండొందల కిలోమీటర్ల పైమాటే. అంతకుముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. జనం చూడటానికని 2019లో తెరిచిన గ్యాలరీలో 5,000 మంది దాకా పడతారు. ఆ సీట్లు ఎప్పుడు ఇస్తారా అని కాచుకుని ఉండగానే అయిపోతాయి. ఇన్ని దాటుకుని పులిహోర డబ్బా, పవర్‌బ్యాంకు, సెల్ఫీ స్టిక్‌తో మెట్ల మీద కూర్చుంటే, రాకెట్ కనిపించేది ఎంతసేపు? చంద్రయాన్-3కి 25 గంటల 30 నిమిషాలు కౌంట్‌డౌన్ నడిపారు. 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి ఎగిరిన రాకెట్, 127 సెకన్లకల్లా 62 కిలోమీటర్ల ఎత్తుకు పోయి రెండు పక్కలా ఉండి పైకి నెట్టే బూస్టర్లనూ వదిలేసింది. రోజుకు పైగా నింపాదిగా లెక్కపెట్టినవాళ్లు చివరి రెండు నిమిషాల్లో ఎందుకంత కంగారు పడతారో మాకు అంతుపట్టడం లేదు.

ఆ రెండు నిమిషాల్లో మా వైపు ఏం జరుగుతుందో వాళ్లు ఒకసారి వచ్చి చూడాలి. మైకులో అంకెలు సున్నాకు వస్తాయి. చెట్ల వెనక నుంచి పొగ లేస్తుంది. "అదిగో!" అని ఒకడు అరిచేసరికి వేల చేతులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఫోన్ కెమెరా ఆ మంటను చూసి బెదిరి ఆకాశమంతా నల్లగా చేసేస్తుంది. జూమ్ చేస్తే ఫోకస్ దొరక్క, తెల్లటి చుక్క ఒకటి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. అది కుదురుకునేలోపు 'స్టోరేజ్ నిండిపోయింది' అని కబురు. అత్తగారింటి పెళ్లి వీడియోలు తీసేస్తే చోటు దొరుకుతుంది, కానీ ఆ సాహసం చేస్తే ఇంటికెళ్లాక ఇంకో ప్రయోగం మొదలవుతుంది. ఈలోపు వెనక నుంచి ఒక పిల్లాడు అడుగుతాడు:

"రాకెట్ యాడుందన్నా?"

"ముందరాయన ఫోన్లో ఉంది, చూడు."

నిజంగానే ఉంటుంది. చాలామంది తీసుకొచ్చిన వీడియోల్లో రాకెట్ బాగా కనిపించేది ముందు వరసలో ఎవరో ఎత్తి పట్టుకున్న ఫోన్ తెర మీదే.

రీటేక్ అడుగుదామంటే దానికీ ఒక శాస్త్రం చెబుతారు. బూస్టర్లలో ఉండేది ఘన ఇంధనం, ఒకసారి అంటించాక ఆర్పడం కుదరదట. సరిగ్గా పడలేదని పెళ్లికొడుకు చేత తాళి రెండోసారి పట్టించే మా ఫోటోగ్రాఫర్లను చూసైనా నేర్చుకోవాలి.

శబ్దం సంగతి మరీ ఘోరం. వెలుగు వెంటనే వస్తుంది, శబ్దానికి మాత్రం కిలోమీటరుకు మూడు సెకన్లు. గ్యాలరీకీ, రాకెట్ లేచే చోటుకూ మధ్య కిలోమీటర్లు ఉన్నాయి మరి. అందుకని వీడియోలో రాకెట్ నోరు మూసుకుని లేస్తుంది. ఆ ఖాళీలో వినబడేదల్లా "రేయ్, చెయ్యి తీయ్‌రా", "మామా, పోతాంది మామా". అసలు ఉరుము వచ్చేసరికి సగం మంది రికార్డింగ్ ఆపేసి స్టేటస్ పెట్టుకుంటుంటారు.

ఇక దిక్కు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి ఆ ఊపు కలిసొచ్చేలా, కింద జనం లేకుండా సముద్రం ఉండేలా తూర్పు తీరాన్ని ఎంచుకున్నారట. ఏ కారణం చెప్పినా, ఫలితం మాత్రం రాకెట్ సీమకు వీపు చూపించి పోవడమే. 1937లో కోస్తా నాయకులతో కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో మా పెద్దలు నీళ్ల గురించి రాయించుకున్నారు గానీ రాకెట్ ముఖం ఎటు తిరగాలో రాయించుకోలేదు. అనుభవిస్తున్నాం.

న్యాయంగా ఒక మెచ్చుకోలు కూడా చెప్పాలి. రాకెట్‌ను నిలువుగా కట్టారు. రీల్స్‌కు ఇంత అనువైన వస్తువు ఈ దేశంలో మరొకటి లేదు. అయితే ఆ మర్యాద కూడా కాసేపే. కాస్త పైకి పోగానే సముద్రం వైపు వంగిపోతుంది.

వాయిదాల గురించి రాస్తే పేజీ చాలదు. 2019 జులై 15 తెల్లవారుజామున 2:51కి ఎగరాల్సిన చంద్రయాన్-2ను 56 నిమిషాలుండగా ఆపేశారు. సాంకేతిక లోపం కనబడిందన్నారు. జాగ్రత్త మంచిదే. కానీ నిద్ర మానుకుని వచ్చినవాళ్లకు ఆగిపోయిన గడియారం ఫోటో తప్ప పెట్టుకోవడానికేం మిగిలింది? వారం తిరిగాక, 22న, మధ్యాహ్నం 2:43కి చక్కగా వెళ్లింది. అప్పటికి చాలామందికి సెలవులు అయిపోయాయి.

ఈ మధ్య మా వీధి నుంచి ఒక కుటుంబం వెళ్లొచ్చింది. వాళ్లతో పోయిన అవ్వకు ఫోన్ లేదు. మంట కనిపించాక చానాసేపటికి గానీ శబ్దం రాలేదని, వచ్చాక మాత్రం ఎదరొమ్ములో దడదడలాడిందని, రాకెట్ కనుమరుగైనాక కూడా పొగ ఆకాశంలో ఒక్కో ఎత్తులో ఒక్కో గాలికి మెలికలు తిరుగుతూ నిలబడిందని, అదంతా పోయేదాకా తాను కూర్చునే ఉన్నానని చెప్పింది. విన్నవాళ్లంతా జాలిపడ్డారు. చెప్పేది బాగానే ఉంది గానీ, రుజువేది? ఆమె మాటకు ఫ్యామిలీ గ్రూపులో ఒక్క లైకు కూడా రాలేదు. అదే గ్రూపులో ఆమె మనవడు పెట్టిన నల్లటి ఆకాశం, తెల్లటి చుక్క వీడియోకు పద్దెనిమిది దండాలు వచ్చాయి.

వచ్చే ప్రయోగానికి అవ్వకు ట్రైపాడ్‌తో సహా ఒక ఫోన్ కొనివ్వాలని ఇంట్లో తీర్మానించారు.