అందరికీ 5893 వచ్చిన కాలేజీ వద్దు

ఇంటర్ ఫలితాలు వచ్చేశాయి. ఇంజనీరింగ్ వద్దు, ఫిజిక్సే చదువుతానని మొండికేసే పిల్లలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకా ఉన్నారు. తక్కువే, కానీ ఉన్నారు. వాళ్లను వెంటబెట్టుకుని తల్లిదండ్రులు నెట్ సెంటర్‌లో డిగ్రీ వెబ్ ఆప్షన్లు పెట్టిస్తారు. చూసేవేమిటంటే బస్సు, ఫీజు, కాలేజీ నాణ్యతకు ఇచ్చే నాక్ గ్రేడు, పక్కింటి అమ్మాయి ఎక్కడ చేరిందన్నది. ల్యాబ్ చూశారా అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు.

నా దృష్టిలో చూడాల్సింది అదొక్కటే. ఇంకా చెప్పాలంటే ల్యాబ్‌లో బీరువాలు కాదు, రికార్డులు చూడాలి.

బీఎస్సీ ఫిజిక్స్ చదివిన వాళ్లందరికీ డిఫ్రాక్షన్ గ్రేటింగ్ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. సోడియం దీపం వెలిగించి, కోణాలు కొలిచే స్పెక్ట్రోమీటర్ మీద గ్రేటింగ్ (దగ్గర దగ్గరగా సన్నని గీతలు గీసిన పలక) నిలబెట్టి, పసుపు గీత ఏ కోణంలో కనిపిస్తుందో కొలిచి తరంగదైర్ఘ్యం లెక్కగట్టాలి. జవాబు 5893 ఆంగ్‌స్ట్రామ్‌లని గైడులో ముందే ఉంటుంది. ఒక సెక్షన్ రికార్డులన్నీ తెప్పించుకుని చూడండి. అందరికీ 5893 వచ్చిందంటే అక్కడ ఎవరూ ఏమీ కొలవలేదన్నమాట. జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టి కోణాలు నింపారు, లేదా సీనియర్ రికార్డు దించేశారు. అలా కాకుండా ఒకడికి 5840, ఇంకొకడికి 5950, మరొకడికి ఏకంగా 6100 వచ్చి, పక్కన ఎర్ర ఇంకుతో ‘మళ్లీ చెయ్యి’ అని ఉందా? కళ్లు మూసుకుని చేర్పించండి.

ఆ దీపం స్విచ్ వేయగానే పసుపు ఇవ్వదు. మొదట ఎర్రగా, గులాబీ రంగులో వెలుగుతుంది. లోపలి సోడియం వేడెక్కి ఆవిరైతేనే పసుపుకు తిరుగుతుంది. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా స్పెక్ట్రోమీటర్ టెలిస్కోప్‌ను కిటికీలోంచి దూరాన ఉన్న చెట్టు మీదికి తిప్పి ఫోకస్ చేసుకోవాలి, స్లిట్ సన్నం చేసుకోవాలి, బల్ల లెవెల్ చూసుకోవాలి. అంగుళానికి 15,000 గీతలున్న గ్రేటింగ్ అయితే సుమారు 20 డిగ్రీల దగ్గర మొదటి ఆర్డర్ గీత, అంటే పక్కకు తిప్పుతుంటే మొదట కనిపించేది, దొరుకుతుంది. ఓపిగ్గా 44 డిగ్రీల దాకా తిప్పితే రెండో ఆర్డర్‌లో ఆ ఒక్క గీతా రెండుగా చీలి కనిపిస్తుంది. అవే 5890, 5896. గైడులోని 5893 ఈ రెంటి సగటే. వాటి మధ్య ఎడం డిగ్రీలో అరవయ్యో వంతుకు మూడింతల పైచిలుకు, అంతే. ఎలక్ట్రాన్ స్పిన్ వల్లే ఆ చీలిక వచ్చిందని తర్వాత క్వాంటమ్ మెకానిక్స్ క్లాసులో చెబుతారు. కంటితో చూసినవాడికి ఆ పాఠం ఎక్కే తీరు వేరు. చూడనివాడికి అది మరో ఎస్సే ప్రశ్న.

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్షలో ప్రాక్టికల్ లేదు కదా అంటారు. నిజమే, మూడు గంటల్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు, అంతా కంప్యూటర్ మీదే. కోచింగ్‌తో గట్టెక్కినవాళ్లూ ఉన్నారు. కాకపోతే ఐఐటీ ఎమ్మెస్సీలో సీటు వచ్చిన మరుక్షణం వాడు దిగేది ల్యాబ్‌లోకే. అక్కడ దించుకోవడానికి సీనియర్ రికార్డు ఉండదు.

పైగా ఇప్పుడు పరిస్థితి మారింది. పాత ఎంపీసీ డిగ్రీలో ఫిజిక్స్ మూడో వంతు. ల్యాబ్ మూతపడినా లెక్కలు, కెమిస్ట్రీ ఆదుకునేవి. 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చాక, అందులో ఫిజిక్స్ తీసుకున్నవాడికి ఫిజిక్సే దిక్కు.

పేరు చూసి ఆగిపోవద్దు. విజయనగరం మహారాజా కాలేజీ 1879 నుంచి కాలేజీగా నడుస్తోంది. గురజాడ చదివిన చోటు, పాఠాలు చెప్పిన చోటు. దండం పెట్టాల్సిందే. కానీ గురజాడ పాఠం చెప్పారని మీ అబ్బాయికి వెర్నియర్ స్కేలు చదవడం రాదు కదా! అక్కడైనా, శ్రీకాకుళం ప్రభుత్వ కాలేజీలోనైనా, విశాఖ హాస్టల్ కాలేజీలోనైనా పరీక్ష ఇదే. పనిదినాన మధ్యాహ్నం భోజనాల తర్వాత చెప్పకుండా వెళ్లండి. ‘ల్యాబ్ తాళం అటెండర్ దగ్గరుంది, ఆయన సెలవు’ అన్నారో, వచ్చిన బస్సే ఎక్కేయండి.

(ఇచ్ఛాపురం వాళ్లకు ఒక మాట. మీకు దగ్గర్లోనే, ఒడిశాలో, బరంపురం ఐసర్ (కేంద్రం నడిపే సైన్సు విద్యాసంస్థ) ఉంది, 2016లో పెట్టారు. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. దాని ప్రవేశపరీక్ష ఐఏటీ రాయించారా? ఈఏపీసెట్ (పాత ఎంసెట్) గొడవలో ఆ పరీక్ష పేరే వినని ఇళ్లు మన దగ్గర కోకొల్లలు.)

ఇంతకీ నా అసలు బాధ కాలేజీ గురించి కాదు. మన జిల్లాల్లో ఫిజిక్స్ డిగ్రీ చేసినవాళ్లలో ఎక్కువమంది కల ఐఐటీ కాదు, డీఎస్సీ. బీఈడీ చేసి స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్ పోస్టు కొట్టడం. అందులో తప్పేం లేదు, ఆ ఉద్యోగాలే ఎన్నో ఇళ్లను నిలబెట్టాయి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులన్నప్పుడు ఊళ్లకు ఊళ్లు పుస్తకాలు పట్టాయి. కానీ ఆ పోస్టుకు పెట్టే పరీక్షేమిటి? స్కూల్ అసిస్టెంట్లకు రాతపరీక్ష 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. చేత్తో ఒక్క ప్రయోగం చేయించరు.

అంటే స్పెక్ట్రోమీటర్ ముట్టకుండా డిగ్రీ అయిపోయినవాడు, మీటర్ బ్రిడ్జి (కరెంటు నిరోధం కొలిచే పరికరం) కలపకుండానే సైన్స్ మాస్టారవుతాడు. ఆయన చేతిలో పెరిగిన పిల్ల ఇంటర్‌కు వస్తుంది. అక్కడ ప్రాక్టికల్స్ 30 మార్కులూ ఎలా పడతాయో నేను చెప్పక్కర్లేదు. ఆ పిల్లే మళ్లీ డిగ్రీకొచ్చి 5893 రాస్తుంది. బడుల్లో పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు కేంద్రం రూ.20 లక్షల దాకా ఇచ్చింది సరే, పెట్టె తెరవడానికి భయపడే మాస్టారుంటే ఆ సామాను ఎవరికి?

డీఎస్సీలో ఫిజికల్ సైన్స్ అభ్యర్థికి అరగంట ప్రాక్టికల్ పెట్టాలి. ఒక కటకం, ఒక స్క్రీన్, ఒక స్కేలు ఇచ్చి నాభ్యంతరం కొలవమనాలి. కోర్టు కేసులు పడతాయి, ఆలస్యమవుతుంది అంటారు. డీఎస్సీ ఎప్పుడు కేసులు లేకుండా జరిగింది గనక? అది ఒక్క నోటిఫికేషన్‌లో పెట్టి చూడండి, డిగ్రీ కాలేజీల ల్యాబ్ తాళాలు ఆ ఏడాదే వాటంతటవే తెరుచుకుంటాయి.