పార్ మీద నాలుగు

మా బావమరిది అమెరికా నుంచి వచ్చాడు. వస్తూ సూట్‌కేసు నిండా ప్లాస్టిక్ ప్లేట్లు తెచ్చాడు. వాటిని డిస్కులు అనాలట. విసిరి, గొలుసులు వేలాడే బుట్టలో పడెయ్యాలి. ఎంత తక్కువ విసుర్లలో పడేస్తే అంత గొప్ప. ఒక్కో బుట్టకి ఇన్ని విసుర్లని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటారు. చిత్తూరు చివర ఒక పాత చర్చి ఉంది, అక్కడి అయ్యగారి అబ్బాయి వీడి క్లాస్‌మేట్. ఇద్దరూ కలిసి చర్చి ఆవరణలో చింతచెట్ల మధ్య ఆరు బుట్టలు పాతేశారు. వెల్డింగ్ షాపులో సైకిల్ రిమ్ములకి కుక్క గొలుసులు తగిలిస్తే బుట్టలయ్యాయి. 'కొత్తవాళ్లకి చాలా ఈజీ బావా, చిన్న కోర్సు' అన్నాడు. శనివారం సాయంత్రం వెళ్లాను. వాడిచ్చిన నిక్కరు వేసుకుని వెళ్లాను, ఈ మాట గుర్తుంచుకోండి.

ఆడే ముందు క్లాసు పీకాడు. ఈ బుట్టని ఎడ్ హెడ్రిక్ అనే ఆయన తయారుచేశాడట. 1975లో కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి కోర్సు పెట్టాడట. 2002లో ఆయన పోతే, ఆయన కోరిక ప్రకారమే బూడిదని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారట. పక్కనే సమాధులు ఉండటంతో నాకు ఈ ముక్క ఒక్కటే బాగా ఎక్కింది. చేతిలో డిస్కుని ఒకసారి అనుమానంగా చూసుకున్నాను కూడా.

మొదటి రెండు బుట్టల సంగతి వదిలేయండి. మూడో దగ్గర వాడు నాకు డ్రైవర్ ఇచ్చాడు, అంటే దూరం విసిరే డిస్కు. డిస్కు మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటిది స్పీడు. దీనికి పన్నెండు. అంత స్పీడు డిస్కుని నాలాంటి వాడు మెల్లగా విసిరితే గాల్లో కాసేపు నటించి ఎడమకి తిరిగిపోతుందని, కొత్తవాళ్లకి మెల్లగా పోయే పట్టర్ డిస్కే ఇవ్వాలని వాడికి తెలుసు. ఎలా తెలుసంటే, అది ఎడమకి తిరిగి ప్రహరీ దాటిపోయాక వాడే చెప్పాడు.

ప్రహరీ అవతల రోడ్డు. రోడ్డు మీద తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్ల బారు. సీజన్లో ఇది మామూలే. టోకెన్ పట్టుకుని పల్ప్ ఫ్యాక్టరీ గేటు దాకా జరగడానికి రైతులు రాత్రిళ్లు రోడ్డు మీదే పడుకుంటారు. స్కూటర్ మీద వెళ్లే నాకు మాత్రం ఇన్నేళ్లూ అది ట్రాఫిక్ జామ్. మన డిస్కు సరిగ్గా ఒక ట్రాలీలో, కాయల మధ్య పడింది.

'ఓ.బి. బావా, హద్దు దాటింది. ఒక పెనాల్టీ. గోడకి మీటరు లోపల నిలబడి మళ్లీ వెయ్యి' అన్నాడు బావమరిది.

'మరి డిస్కో?'

'అది నా ఫేవరెట్.'

అంతే అన్నాడు. తెమ్మనలేదు. ఇలాంటివాళ్లు ఎప్పుడూ తెమ్మనరు.

ట్రాలీ ఎక్కాను. డిస్కు పసుపు రంగు. కాయలు కూడా మాగి పసుపు తిరుగుతున్నాయి. వాడి సూట్‌కేసులో ఎరుపున్నాయి, నీలమున్నాయి, నాకిచ్చింది పసుపు. వంగి కాయలు జరుపుతుంటే తొడిమల దగ్గరి సొన చేతులకీ మోకాళ్లకీ అంటుకుంది. ఇంతలో బారు కదిలింది. డ్రైవర్ చెవుల్లో పాటలున్నాయి, నా అరుపులు లేవు. దిగుదామంటే కాళ్ల కింద కాయలు దొర్లుతున్నాయి.

తువ్వాలు భుజాన వేసుకున్న పెద్దాయన టీ గ్లాసుతో పక్కన పరిగెత్తుకొచ్చాడు.

'ఏమప్పా! బండెక్కి కాయలు ఏరతా ఉండావు?'

'ప్లేటు పడింది పెద్దాయనా.'

'పెండ్లి యాడ జరగతా ఉంది?'

'పెళ్లి కాదు, డిస్కు.'

'డిష్షా? టీవీదా?'

ఎలా చెప్పాలో తెలియలేదు. అప్పటికి ముందు బండ్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి నిక్కరు చూస్తున్నారు. ఒకరిద్దరు ఫోన్లు తీశారు. ఎప్పుడూ గంటలకొద్దీ కదలని ఆ బారు ఆ రోజే చకచకా జరిగి, నన్ను పైన పెట్టుకునే గేటు దాటి కాటా మీదికి ఎక్కింది.

బండి ఆగింది కదా అని దిగబోయాను. పెద్దాయన గొంతు తగ్గించి, 'ఉండు నైనా. అట్నే కూసో. కాటా అయినంక దిగుదువు' అన్నాడు. ఇప్పటిదాకా 'ఏమప్పా' అన్న మనిషి.

నేను లెక్కల మాస్టర్ని, విషయం వెంటనే అర్థమైంది. నా బరువు 82 కిలోలు. 2025లో ధర పడిపోతే ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు ప్రకటించింది, ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలి, మిగతా 4 సర్కారు వేస్తుందని చెప్పింది. ఆ లెక్కన నేను 984 రూపాయల తోతాపురిని. డిస్కు 175 గ్రాములు, దాని వంతు రెండు రూపాయల పది పైసలు. ఇన్నేళ్ల సర్వీసులో నాకింత కచ్చితంగా వెల కట్టినవాళ్లు లేరు. ఆ ఎనిమిదైనా చేతికొస్తుందో రాదో తెలియని పెద్దాయన నావైపు ఆశగా చూస్తుంటే కదలబుద్ధి కాలేదు, నిజం. కానీ లెక్కలవాణ్ని కదా, మనసూరుకోలేదు.

'పెద్దాయనా, తర్వాత ఖాళీ బండి కూడా కాటా వేస్తారు. అప్పుడు నేను పైనే ఉంటే మీకేం మిగలదు.'

'అప్పుడు నువ్వెందుకుంటావు?' అన్నాడు, తొమ్మిదో తరగతి పిల్లాడికి చెప్పినట్టు.

ఇద్దరం ఊపిరి బిగపట్టాం. కాటా గదిలో కుర్రాడు కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. తలెత్తింది వాచ్‌మన్. 'ఓ నిక్కరు సారూ! దిగండి!' అని ఊరందరికీ వినబడేలా అరిచాడు. అప్పుడు కుర్రాడు బయటికొచ్చాడు. వచ్చి, 'సార్, మీరా!' అన్నాడు. మా స్కూల్లోనే చదివాడు. త్రైరాశికం నేనే చెప్పాను.

నన్ను దింపి మళ్లీ కాటా వేశారు. 80 కిలోలు తగ్గింది. ఆ కాటా పదేసి కిలోల లెక్కన చూపిస్తుందట, కాబట్టి నాలో రెండు కిలోలు ఎవరి ఖాతాలోనూ పడలేదు. పెద్దాయన నావైపు మళ్లీ చూడలేదు.

డిస్కు దొరికింది. కాయలు దించే చోట ఒక హమాలీ దాన్ని తిరగేసి బొరుగులు పోసుకుని తింటున్నాడు. అయ్యేదాకా నిలబడ్డాను.

ఆటో దిగి ఇంట్లోకి వస్తే బావమరిది స్నానం చేసి టీ తాగుతున్నాడు.

'మిగతా బుట్టలు మేం కానిచ్చేశాం బావా. ఆటలో లేనివాళ్లకి పార్ మీద నాలుగు వెయ్యాలి. రూలు.'

'నేను నీ డిస్కు కోసమే కదరా పోయింది?'

'రూల్లో కారణం అడగరు బావా' అని డిస్కు అందుకుని, వాసన చూసి, 'ఇదేంటి, కారం?' అన్నాడు.

పార్ మూడు. మూడో బుట్ట నుంచి చివరిదాకా నాకు ఏడేసి పడ్డాయి. మొత్తం వాడికి 16, అయ్యగారి అబ్బాయికి 19, నాకు 43. స్కోరుకార్డు అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. కింద మా అత్తగారి మెసేజ్: 'మన అల్లుడుగారే ఫస్టు! కంగ్రాట్స్ బాబూ.' దానికి పదకొండు లైకులు. మొదటిది మా ఆవిడది.