ఒక రింగు తక్కువ

బూడిద రాలదు, పీకలు మిగలవు, అగ్గిపెట్టె కోసం తడుముకునే పని ఉండదు అని అక్కయ్యను ఒప్పించి మా బావగారు సిగరెట్టు మాని ఈ-సిగరెట్టు పట్టారు. ఆయన చెప్పిన మూడు మాటలూ నిజమే. సిగరెట్టును మాత్రం ఎవరూ వారం వారం విప్పి, కడిగి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి కూర్చోరన్న నాలుగో మాట ఆయన చెప్పలేదు. అప్పటికి ఆయనకూ తెలిసి ఉండదు.

ఆ పరికరంలో బ్యాటరీ ఉండే కింది భాగంతో పెద్ద పేచీ ఏమీ లేదు. దాన్ని నీళ్ళకు దూరంగా ఉంచి, అందులో పోసే లిక్విడ్‌ను ఆవిరి చేసే ఆటమైజర్ బిగించే చోట చేరిన జిగురును దూది పుల్లతో తుడిస్తే చాలు. తంటా అంతా దాని నెత్తిన కూర్చునే ఆటమైజర్‌తోనే. బయటికి అది బొటనవేలంత గాజు బుడ్డి. విప్పితే మాత్రం నోటి గొట్టం, పైమూత, లిక్విడ్ నింపే ట్యాంకైన గాజు గొట్టం, గాలి రంధ్రాలున్న అడుగు పీఠం, పీఠం మీద కాయిల్ అనే చిన్న తీగచుట్ట, దాని పొట్టలోంచి దూరిన దూది వత్తి, తీగ కొసలను పట్టి ఉంచే ఆవగింజంత స్క్రూలు, ఇవన్నీ కలిసే చోట లిక్విడ్ కారకుండా కాపలా కాసే రబ్బరు రింగులు, ఇలా ఒక్కొక్కటే బయటపడతాయి. కాయిల్‌ను అమ్మేవారే చుట్టి ఇచ్చే రకాలూ ఉన్నాయి. వాటిలో కాయిల్ మసిబారితే తీసి పారేసి కొత్తది బిగించుకోవచ్చు. బావగారు సొంతంగా తీగ చుట్టుకుని, దూది పెట్టుకునే రకాన్నే కోరి తెచ్చుకున్నారు. తేలికైన దారి ఉండగా ఆయన ఆ దారిన వెళ్ళినట్టు మా ఇంట ఎవరికీ జ్ఞాపకం లేదు.

మీట నొక్కితే తీగ వేడెక్కుతుంది, వత్తి పీల్చిన లిక్విడ్ ఆవిరవుతుంది, ఆ ఆవిరే దమ్ము. లిక్విడ్‌లో ఎక్కువ పాలు ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండోది 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రుచి కోసం కలిపే సుక్రలోజ్ వంటి తీపి పదార్థాలు మాత్రం వాటితోపాటు బుద్ధిగా ఆవిరైపోక తీగనే అంటిపెట్టుకుని మాడి, గట్టి నల్లటి పెచ్చు కడతాయి. అందుకే తీపి లిక్విడ్ పోసేవారి కాయిల్ తొందరగా పాడవుతుంది. బావగారు పోసేది స్ట్రాబెర్రీ క్రీము. ఆ కాయిల్‌ను నేను దగ్గరగా చూశాను. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందన్నదే లేదు, దూది అంచులు గోధుమరంగు దాటి బొగ్గు రంగుకు వచ్చేశాయి. స్ట్రాబెర్రీకి విరామమిచ్చి పుదీనా లిక్విడ్ పోయాలని, ఆ లోపల అంతా తళతళలాడేలా శుభ్రం చేయాలని ఆయన ఒక ఆదివారం ఉదయం సంకల్పించారు.

లిక్విడ్‌లోని నికొటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది కనుక చేతులకు తొడుగులుండాలని అక్కయ్య పట్టుబట్టింది. అది న్యాయమైన మాట. ఇంట్లో ఉన్నవి అంట్లు తోమేటప్పుడు వేసుకునే మందపాటి తొడుగులే కావడం వల్ల వచ్చింది చిక్కు. వాటితో బకెట్టు పట్టుకోవచ్చును గాని ఆవగింజంత స్క్రూను పట్టుకోవడం మానవమాత్రులకు సాధ్యం కాదు. బావగారు ఒక కాగితం పరిచి, విప్పిన వరుసలోనే భాగాలను పేర్చుకుంటూ పోయారు. బిగించేటప్పుడు ఆ వరుసను వెనక నుంచి చదువుకుంటే చాలునని నాకు బోధించారు కూడా. అంతలో ఉక్కగా ఉందని ఆయనే ఫ్యాను వేయించారు. దూది లేచి వెళ్ళి కిటికీ తెరకు అంటుకుంది, కాగితం ఒక మూల మడత పడింది, రింగులన్నీ దొర్లి ఒకచోట సభ తీర్చాయి. వరుస అనే సిద్ధాంతం అక్కడితో ముగిసింది.

ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ రెండూ నీళ్ళలో చక్కగా కరుగుతాయి. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, ధారగా పారే నీటి కింద కడిగి, పూర్తిగా ఆరనిస్తే ట్యాంకుకు అంతకంటే ఏమీ అక్కరలేదు. ఈ సంగతి నేను వినయంగా విన్నవించాను. "వట్టి నీళ్ళతో కడిగితే కడిగినట్టెలా అవుతుందోయ్?" అని ఆయన గిన్నెలు తోమే నిమ్మ సబ్బు సీసాను గిన్నెలోకి వంచారు. ఎంత వంచారో నేను చూడలేదు. నురగ గిన్నె అంచు దాటి బల్ల మీదికి దిగాక మాత్రం చూశాను. లోహమూ గాజూ సబ్బు వాసనను తేలికగా వదిలేస్తాయి. రబ్బరు రింగులు అలా కాదు. ఏ వాసననైనా పట్టి దాచుకుంటాయి, అడగని వేళ పైకి తీస్తాయి.

అంతటితో ఆగితే బాగుండేది. అక్కయ్య దగ్గర కళ్ళజోడు శుభ్రం చేసుకునే చిన్న అల్ట్రాసోనిక్ యంత్రం ఒకటి ఉంది. అందులో నీళ్ళు పోసి మీట నొక్కితే మన చెవికి అందని ధ్వని తరంగాలు నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టించి, అవి పగిలే తాకిడితో మూలమూలల మురికినీ ఊడదీస్తాయి. ఆటమైజర్ పీఠాన్ని అందులో వేయడానికి అక్కయ్య ససేమిరా అన్నది. అప్పుడు బావగారు చరిత్రను ఆశ్రయించారు. ఈ-సిగరెట్టుకు 2003లో పేటెంటు కోరిన చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ తన తొలి నమూనాలో ద్రవాన్ని తుంపర చేయడానికి వాడింది అల్ట్రాసౌండ్‌నేననీ, వేడి తీగ ఆ తరువాత వచ్చిన పద్ధతి అనీ, ఆ విధంగా చూస్తే ఈ యంత్రమూ ఆ ఆటమైజరూ దగ్గరి చుట్టాలేననీ ఆయన వాదించారు. చరిత్ర వరకు అందులో తప్పు లేదు. అక్కయ్య చుట్టరికానికి తలవంచి యంత్రాన్ని ఇచ్చింది. కొద్ది నిమిషాల్లో అందులోని నీళ్ళు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. పీఠం మెరిసింది. ఆ సాయంత్రం అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని పత్రిక తెరిచి, ఈ ఇంట్లో స్ట్రాబెర్రీ వాసన ఎక్కడి నుంచి వస్తున్నదని పడకగది నుంచి పెరటి దాకా వెతికింది.

కాయిల్ మీది పెచ్చును పోగొట్టడానికి అసలైన మార్గం వట్టి కాల్పు. పాత దూది తీసేసి, తక్కువ పవరులో మీటను ఒక్కో క్షణం నొక్కి వదులుతూ ఉంటే మడ్డి పొగై పోతుంది. తరువాత చల్లారనిచ్చి బ్రష్షుతో దులపాలి. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ తీగ దీనికి తట్టుకుంటుంది. టైటానియం తీగను ఇలా ఎర్రగా కాల్చకూడదు. బావగారి తీగ కాంథాల్ కావడం మా అదృష్టం. మొదట ఒక కొసన మాత్రమే వెలిగితే ఆయన పింగాణీ మొనల పట్టకారుతో చుట్టలను సవరించారు. ఆ తరువాత నొక్కేసరికి తీగచుట్ట సరిగ్గా నడిమధ్యన నారింజ రంగున వెలిగి, ఆ వెలుగు రెండు కొసలకూ సమంగా పాకింది. అది నిజంగా ముచ్చటైన దృశ్యం. వచ్చిన చిక్కల్లా ఆ ముచ్చటను అక్కయ్యకు చూపించాలన్న కోరిక ఆయనకు కొత్త దూది దూర్చి, అంచులు కత్తిరించి, పీఠంలో పొందికగా సర్దిన తరువాత కలగడం. తడిసిన దూది తీగ పక్కనే ఉన్నా మాడదు, ఎందుకంటే ఆవిరయ్యే లిక్విడ్ వేడిని తనతో పట్టుకుపోతుంది. ఇది పొడి దూది. అక్కయ్య పొయ్యి మీద ఏదో మాడిందనుకుని వంటింట్లోకి పరుగెత్తింది, కనుక ఆ వెలుగును చూడనేలేదు. బావగారు మళ్ళీ దూది తీశారు, మళ్ళీ తీగ దులిపారు, మళ్ళీ దూది పెట్టారు.

ఇక బిగింపు. గాజు గొట్టాన్ని పైమూతలోకి నెట్టడానికి ఆయన మోచేతుల దాకా బలం వాడవలసి వచ్చింది. "ఇంత బిగుతుగా ఉండేదా బావగారూ?" అని అడిగాను. "మురికి పోతే అంతేనోయ్, పట్టు పెరుగుతుంది" అన్నారు. తీరా పీఠం బిగించబోయేసరికి అడుగున ఉండవలసిన రింగు కనిపించలేదు. కొన్ననాడు అదనపు రింగుల పొట్లం ఒకటి ఇచ్చారు. బావగారు దాన్ని ఎంత భద్రంగా దాచారంటే నేటికీ అది భద్రంగానే ఉంది.

గిన్నెలోని నురగను వేళ్ళతో జల్లెడ పట్టాము. బల్ల కింద చీపురు తిప్పాము. చివరికి అనుమానం సింకు మీదికి పోయింది. సింకు కింది వంపు గొట్టంలో నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉంటాయి, దుర్వాసన పైకి రాకుండా అడ్డుకునేది ఆ నీళ్ళే. ఆ గొట్టం విప్పబోయేవారు కింద బకెట్టు పెట్టాలన్న నియమం నలుగురికీ తెలిసినదే. బావగారు బకెట్టు తెమ్మని నాకు పురమాయించి, నేను తెచ్చేలోపు విప్పేశారు. గొట్టంలోంచి నీళ్ళతోపాటు ఒక చెంచా, ఒక సీసా మూత, అక్కయ్య ఏనాడో పోయిందని పనిమనిషిని అడగలేక ఊరుకున్న ముక్కుపుడక దిమ్మ బయటపడ్డాయి. రింగు పడలేదు. ముక్కుపుడక దిమ్మ దొరికినందువల్ల వంటింటి నేల మీది నీళ్ళ గురించి అక్కయ్య అప్పటికి ఏమీ అనలేదు.

ఒక్క రింగు లేకపోతే ఏమవుతుందిలే అని బావగారు పుదీనా లిక్విడ్ పోసి బిగించి చొక్కా జేబులో వేసుకున్నారు. ట్యాంకులోని ద్రవం కారిపోకుండా నిలిచేది లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటే కాస్త తక్కువగా ఉండడం వల్లనే. ఎక్కడో ఒకచోట గాలి దూరిందా, లిక్విడ్ వత్తిని ముంచెత్తి గాలి రంధ్రాల వెంట దారి చూసుకుంటుంది. వంటింట్లో తడిగుడ్డ వేస్తుండగానే ఆయన జేబు కింద ఒక మరక మొదలై బొత్తాముల వరుస దాకా వచ్చింది. చొక్కా విప్పించి, ఒళ్ళు సబ్బుతో కడిగించి, ఉన్నదంతా ఒంపేద్దామని పైమూత తిప్పితే అది కదలలేదు. ఇద్దరం చెరొక పక్క పట్టి తిప్పగా తిప్పగా గాజు ఊడి వచ్చింది. ఉంది రింగు. పైమూత గాడిలో, అక్కడ ఉండవలసిన రింగు మీదనే, దానితో జంటగా కూర్చుని ఉంది.

బావగారు దాని గురించి వ్యాఖ్యానించలేదు. రింగును అడుగు గాడిలో వేశారు, మళ్ళీ లిక్విడ్ పోశారు, వత్తి బాగా తడిసేదాకా అయిదు నిమిషాలు గోడ గడియారం చూస్తూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. తరువాత గంభీరంగా ఒక దమ్ము లాగి, కళ్ళు మూసుకుని, ఆవిరి వదిలారు.

"పుదీనా ఎలా ఉంది బావగారూ?" అన్నాను.

ఆయన నాలుకను ఒకసారి పెదవుల మీద తిప్పుకుని, "నిమ్మకాయ" అన్నారు.

"పొద్దునే కొత్త సబ్బు సీసా తీశాను, ఇంతలో అడుగంటిందేమిటా అనుకుంటున్నాను" అన్నది అక్కయ్య వంటింట్లోంచి.